కోల్డ్ స్టోరేజీ బాండ్లన్నీ ఒకే ఎక్సెల్ షీటులో ఉన్నాయి. డేటాబేస్‌గా ఎలా విడగొట్టాలి?

నల్లపాడు_ఖాతాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు లెక్కల గురించి అడుగుతున్నాను. సరుకంతా ఒకే ఎక్సెల్ షీటులో నడుస్తోంది, బాండుకు (సరుకు పెట్టినందుకు ఇచ్చే రసీదుకు) ఒక వరస. కాలమ్‌లు ఇవి (టిక్కీ అంటే మిర్చి బస్తా): బాండు నంబరు, తేదీ, రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను, రకం 1, టిక్కీలు 1, రకం 2, టిక్కీలు 2, రకం 3, టిక్కీలు 3, ఛాంబరు, అద్దె రేటు, బ్యాంకు లోను ఉందా, డెలివరీ అయినవి, మిగిలినవి, రిమార్కులు.

రైతు నాలుగో రకం తెస్తే దానికి కాలమ్ లేదు. రిమార్కుల్లో రాస్తున్నారు, దాంతో మొత్తం తేజ రకం ఎన్ని టిక్కీలు అంటే లెక్క తప్పుతోంది. ఒకే రైతు పేరు ఒక్కో బాండులో ఒక్కోలా ఉంది. ఫోను మారితే కొత్త బాండులో కొత్త నంబరు, పాత బాండ్లలో పాత నంబరే. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి 'మిగిలినవి' కాలమ్. డెలివరీ ఇచ్చినప్పుడల్లా దాన్ని చేత్తో దిద్దుతారు. తేడా వస్తే ఏ రోజు ఎవరికి ఎన్ని వెళ్లాయో వెనక్కి చూసే దారి లేదు.

రిలేషనల్ డేటాబేస్ (ఒకదానికొకటి లంకె ఉన్న టేబుళ్లుగా సమాచారం దాచేది) పెట్టుకోమని సలహా వచ్చింది. ఎన్ని టేబుళ్లు చేయాలి, అది దేన్ని బట్టి తేల్చాలి? ప్రైమరీ కీగా, అంటే ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టే కాలమ్‌గా, ఫోను నంబరు పెట్టొచ్చా? ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి, రెండు కౌంటర్లలో ఒకేసారి డెలివరీలు రాస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది?

---

బ్రాడీపేట_డీబీఏ

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు కాగితం మీద తేలాల్సింది ఒకటుంది: ఏది తెలిస్తే ఏది తేలిపోతుంది? బాండు నంబరు తెలిస్తే తేదీ, రైతు ఎవరు అన్నది తేలిపోతాయి. రైతు ఎవరో తెలిస్తే తండ్రి పేరు, ఊరు, ఫోను తేలిపోతాయి. ఫోనుకి బాండుతో నేరుగా పనిలేదు, అది రైతుది. మీ షీటులో ఈ రెండు ఆధారాలూ ఒకే వరసలో ఇరుక్కుపోయాయి. మీరు చెప్పిన ఫోను గొడవ అక్కడ పుట్టిందే. ఆ రైతుకి తొమ్మిది బాండ్లుంటే ఫోను తొమ్మిది చోట్ల ఉంది. ఎనిమిది దిద్ది ఒకటి వదిలేస్తే ఏది నిజమో షీటుకి తెలియదు.

అదే జబ్బు ఇంకో రెండు రూపాల్లోనూ బయటపడుతుంది. పాత సీజన్ బాండ్లు తీసేస్తే, ఈ ఏడాది సరుకు పెట్టని రైతు వివరాలు కూడా వాటితోపాటే పోతాయి. కొత్త రకానికి అద్దె రేటు ఖాయం చేసినా, ఆ రకం తెచ్చే రైతు వచ్చేదాకా ఆ రేటు రాసుకోవడానికి చోటు ఉండదు. దిద్దేటప్పుడు, తీసేటప్పుడు, చేర్చేటప్పుడు వచ్చే ఈ తేడాలు లేకుండా టేబుళ్లు విడగొట్టుకోవడాన్నే నార్మలైజేషన్ అంటారు.

'రకం 1, టిక్కీలు 1, రకం 2, టిక్కీలు 2' తీరు మొదటి నార్మల్ ఫామ్ దగ్గరే తేలిపోయే తప్పు. ఒకే జాతి సమాచారం పక్కపక్క కాలమ్‌లుగా పెరగకూడదు, కిందికి వరసలుగా పెరగాలి. అందుకే బాండు వేరు, లాటు (బాండులోని ఒక్కో రకం సరుకు) వేరు చేయండి. 80 టిక్కీలు తేజ, 40 టిక్కీలు తాలు తెచ్చిన రైతుకి బాండు ఒక్కటే, లాట్లు మాత్రం రెండు. రేపు అయిదు రకాలు తెస్తే అయిదు వరసలు. కాలమ్ చేర్చాల్సిన పని పడదు. మొత్తం తేజ ఎంత అంటే ఒక్క కాలమ్ కూడితే చాలు.

మీ లెక్కకి మొదటి విడతలో ఈ టేబుళ్లు వస్తాయి:

రైతులు: రైతు_ఐడీ, పేరు, తండ్రి పేరు, ఊరు_ఐడీ, ఫోను
ఊళ్లు: ఊరు_ఐడీ, పేరు, మండలం
రకాలు: రకం_ఐడీ, పేరు (తేజ, 334, 341, బ్యాడిగి, తాలు…)
బాండ్లు: బాండు_ఐడీ, సీజన్, బాండు నంబరు, తేదీ, రైతు_ఐడీ
లాట్లు: లాటు_ఐడీ, బాండు_ఐడీ, రకం_ఐడీ, టిక్కీలు, కాటా బరువు, ఒప్పుకున్న అద్దె
లాటు_చోటు: లాటు_ఐడీ, ఛాంబరు, అంతస్తు, టిక్కీలు
గేటుపాసులు: గేటుపాసు_ఐడీ, తేదీ, లారీ నంబరు, తీసుకెళ్లినవారు
గేటుపాసు_వివరం: గేటుపాసు_ఐడీ, లాటు_ఐడీ, టిక్కీలు

చివరి రెండూ ఎందుకు విడివిడిగా ఉన్నాయో గమనించండి. ఒక లారీలో నాలుగు లాట్ల సరుకు వెళ్లొచ్చు, ఒక లాటు మూడు లారీల్లో వెళ్లొచ్చు. ఇటు అనేకం, అటు అనేకం అయినప్పుడు మధ్యలో వంతెన లాంటి టేబుల్ తప్పదు. దాని ప్రైమరీ కీ గేటుపాసు, లాటు రెండూ కలిపి. లారీ నంబరు కూడా అందులోనే పెడదామనిపిస్తుంది, వద్దు. లారీ నంబరు గేటుపాసు ఒక్కదాని మీదే ఆధారపడుతుంది, లాటుతో దానికి సంబంధం లేదు. కీలో సగం మీదే ఆధారపడే కాలమ్ ఆ టేబుల్లో ఉండకూడదన్నదే రెండో నార్మల్ ఫామ్. ఫోను విషయంలో చెప్పుకున్నది మూడోది. మీ పనికి ఈ మూడూ చాలు.

అద్దె రేటు దగ్గర మాత్రం జాగ్రత్త. సీజన్ రేట్ల టేబుల్ ఒకటి పెట్టుకుని, లాటులో మళ్లీ 'ఒప్పుకున్న అద్దె' పెడితే అది నకలు కదా అని కొందరు తీసేయమంటారు. తీసేయొద్దు. ఈ సీజన్లో ప్రకటించిన రేటు ఒక సంగతి, ఫలానా రైతుతో ఆ రోజు ఒప్పుకున్న రేటు ఇంకో సంగతి. అంకె ఒకటే అయినంత మాత్రాన సంగతి ఒకటి కాదు. సీజన్ మధ్యలో రేటు మార్చారనుకోండి, రేట్ల టేబుల్ నుంచి లెక్కగట్టే బిల్లులు పాత బాండ్లకు కూడా మారిపోతాయి. అప్పుడు రైతుకి సమాధానం చెప్పలేం.

ఇక కీ. ఫోను నంబరు వద్దు. మారుతుంది, కొడుకు ఫోను ఇస్తారు, ఇద్దరు అన్నదమ్ములు ఒకే నంబరు రాయిస్తారు. ఆధార్ అసలే వద్దు, దాన్ని దాచుకోవడానికి చట్టపరమైన షరతులు ఉన్నాయి, పైగా మీ పనికి అవసరం లేదు. సిస్టమే ఇచ్చే వరస నంబరును ఐడీగా పెట్టుకోండి. ఐడీ పెట్టేశాం కదా అని అసలు నియమాన్ని మర్చిపోకూడదు. బాండు నంబరు ప్రతి సీజన్లో మళ్లీ 1 నుంచి మొదలవుతుంటే సీజన్, బాండు నంబరు రెండూ కలిపి యునీక్ (మళ్లీ రాకూడనివి) అని డేటాబేస్‌కి చెప్పాలి. అది చెప్పకపోతే 512వ బాండు రెండుసార్లు ఎక్కుతుంది, రెండింటికీ వేర్వేరు ఐడీలు ఉంటాయి కాబట్టి సిస్టమ్ నోరు మెదపదు.

ఇదంతా కొత్త పద్ధతేమీ కాదు. ఐబీఎం శాన్‌హోజే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని ప్రతిపాదించారు. అంతకు ముందు డేటా డిస్కు మీద ఏ దారిలో అల్లుకుని ఉందో ఆ దారి ప్రోగ్రాముకి తెలియాల్సి వచ్చేది, దారి మారితే ప్రోగ్రాము తిరగరాయాల్సిందే. కాడ్ పద్ధతిలో విలువల ద్వారానే సంబంధం. లాటు వరసలో బాండు_ఐడీ ఉంది, అంతే, అదే లంకె. ఆ ఐడీ బాండ్ల టేబుల్లో నిజంగా ఉందో లేదో కాపలా కాసేది ఫారిన్ కీ.

---

పటమట_లెడ్జర్

బ్రాడీపేట గారు చెప్పిన విభజన బాగుంది. రెండు చోట్ల మాత్రం నేను వేరేగా చేస్తాను.

మొదటిది, 'రైతులు' అనే టేబుల్. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో సరుకు పెట్టేది రైతులు మాత్రమే కాదు, వ్యాపారులు, ఎగుమతిదారులు కూడా పెడతారు. రైతే సరుకు కొని దాచే సందర్భాలూ ఉంటాయి. రైతులకు ఒక టేబుల్, వ్యాపారులకు ఒక టేబుల్ పెడితే అలాంటి మనిషి రెండింట్లోనూ ఉంటాడు, ఫోను గొడవ మళ్లీ మొదటికొస్తుంది. 'పార్టీలు' అని ఒక్కటే టేబుల్ పెట్టండి. ఆ బాండులో అతను రైతా వ్యాపారా అన్నది బాండు వరసలో రాసుకోవచ్చు.

రెండోది పెద్దది. సరుకు లోపల ఉండగానే చేతులు మారుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పెట్టిన 100 టిక్కీల్లో 60ని రైతు ఆగస్టులో వ్యాపారికి అమ్మితే టిక్కీ గడప దాటదు, కానీ 60 వ్యాపారివి, 40 రైతువి. గేటుపాసుల టేబుల్లో దీనికి చోటు లేదు. బాండులో రైతు_ఐడీని తుడిచి వ్యాపారి_ఐడీ రాస్తే మొదట ఎవరిదన్న చరిత్ర పోతుంది, మిగతా 40 ఎవరివో కూడా పోతుంది.

అందుకని నిల్వకి కాలమ్ అనేదే ఉండకూడదు. కదలికలు అని ఒక టేబుల్ పెట్టండి: కదలిక_ఐడీ, తేదీ, సమయం, లాటు_ఐడీ, పార్టీ_ఐడీ, టిక్కీలు (ప్లస్ లేదా మైనస్), రకం (రాక, పోక, మార్పిడి, సర్దుబాటు), గేటుపాసు_ఐడీ, రాసినవారు. ఇది పెట్టాక గేటుపాసు_వివరం, లాట్లలోని టిక్కీల కాలమ్ రెండూ అక్కర్లేదు. 214వ లాటు ఇలా కనిపిస్తుంది:

రాక, రైతు, +100
మార్పిడి, రైతు, −60
మార్పిడి, వ్యాపారి, +60
పోక, వ్యాపారి, −30

లాటు మీద కూడితే 70, అంటే లోపల ఉన్నవి. పార్టీ వారీగా కూడితే రైతువి 40, వ్యాపారివి 30. ఏ వరసా దిద్దేది లేదు, తుడిచేది లేదు. తప్పు పడితే దానికి ఎదురు వరస రాయాలి. ఖాతా పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. మార్పిడిలోని ఆ రెండు వరసలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడాలి. మొదటి వరస పడ్డాక కరెంటు పోతే రైతు ఖాతాలో 60 తగ్గి వ్యాపారి ఖాతాలో చేరకుండా ఉండకూడదు. ట్రాన్సాక్షన్‌లో పెడితే రెండూ పడతాయి, లేకపోతే రెండూ పడవు.

గేటుపాసు_ఐడీ కాలమ్ పోక వరసలకే ఉంటుంది, మిగతావాటికి ఖాళీ. ఖాళీ ఉండొచ్చు అనగానే ఎవరో ఒకరు పోకకి కూడా ఖాళీ వదిలేస్తారు. చెక్ నియమం పెట్టండి: రకం 'పోక' అయితే గేటుపాసు ఉండి తీరాలి, టిక్కీలు సున్నా కన్నా తక్కువ ఉండాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడేట్టయితే వెర్షన్ చూసుకోండి. 8.0.16 కన్నా పాతవి చెక్ నియమాన్ని రాయనిస్తాయి, ఎర్రర్ ఇవ్వవు, అమలు మాత్రం చేయవు.

బ్యాంకు లోను 'ఉంది, లేదు' అన్న కాలమ్ కాదు. ఏ లాటు మీద, ఏ బ్యాంకు, ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన విడుదలైంది అని వేరే టేబుల్. విడుదల తేదీ ఖాళీగా ఉంటే లోను ఇంకా నడుస్తున్నట్టు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో అయితే విడుదల తేదీ ఖాళీగా ఉన్న వరసల వరకే లాటు_ఐడీ మీద యునీక్ ఇండెక్స్ (ఒకే విలువని రెండోసారి రానివ్వని సూచిక) కట్టొచ్చు. అప్పుడు ఒకే లాటు మీద రెండు లోన్లు ఒకేసారి నడిచే అవకాశమే ఉండదు, ఎవరెంత తొందరలో రాసినా.

---

నల్లపాడు_ఖాతాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. చేతులు మారే సంగతి నేను అడగకుండానే పట్టుకున్నారు, మా దగ్గర ఎక్కువ తగువు అక్కడే. నిజమే, మేలో మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చి మళ్లీ తెరిచాక అంతా కోల్డ్ స్టోరేజీ సరుకే కాబట్టి మార్పిడులు అప్పుడు బాగా ఎక్కువ.

నమూనాగా కొన్ని లాట్లు ఎక్కించి చూశాం. కదలికల టేబుల్ ఒక్కదాన్ని కూడితే నిల్వ సరిగ్గా వస్తోంది. 'లాటు, నిల్వ, అద్దె కింద కట్టింది' మూడూ ఒకే రిపోర్టులో తేవడానికి అద్దె చెల్లింపుల టేబుల్‌ని కూడా జాయిన్ చేస్తే (లాటు_ఐడీ మీద కలిపితే) కొన్ని లాట్లకి నిల్వ రెట్టింపు వస్తోంది, కొన్ని లాట్లు అసలు కనిపించడం లేదు. టేబుళ్ల డిజైన్లో తప్పుందా?

---

బ్రాడీపేట_డీబీఏ

పటమట గారి కదలికల టేబుల్ నా గేటుపాసు_వివరం కన్నా మేలు, అదే పెట్టుకోండి. మీ డిజైన్లో తప్పు లేదు, క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే కమాండులో) ఉంది. అంకెలతో చూపిస్తాను.

ఒక లాటుకి కదలికలు నాలుగు: +100, −30, −20, −10. కూడితే 40. అదే లాటుకి చెల్లింపులు రెండు: 5000, 3000. కూడితే 8000. ఇప్పుడు లాటు_ఐడీ మీద మూడు టేబుళ్లనూ కలిపితే డేటాబేస్ ఏం చేస్తుందంటే, ప్రతి కదలికనీ ప్రతి చెల్లింపుతోనూ జత కడుతుంది. ఏ కదలిక ఏ చెల్లింపుకి చెందుతుందో చెప్పే సంబంధం ఏదీ లేదు కాబట్టి దానికి వేరే దారి లేదు. నాలుగు రెళ్లు ఎనిమిది వరసలు. ప్రతి కదలికా రెండుసార్లు వస్తుంది, నిల్వ 80 అవుతుంది. ప్రతి చెల్లింపూ నాలుగుసార్లు వస్తుంది, కట్టింది 32000 అవుతుంది. చెల్లింపు ఒక్కటే ఉన్న లాట్లలో నిల్వ సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు చాలాకాలం దొరకదు. డిస్టింక్ట్ (ఒకే విలువ మళ్లీ వస్తే వదిలేయమనే మాట) పెట్టి సరిచేద్దామని చూడకండి. ఒకే లాటు నుంచి 20 టిక్కీలు రెండు రోజులు వెళ్తే, సమ్ లోపల డిస్టింక్ట్ అంటే ఆ రెండు ఇరవైల్లో ఒకటి మాయమవుతుంది.

సరైన దారి: ముందు కూడండి, తర్వాత కలపండి. (కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.)

విత్ నిల్వ యాజ్ (సెలెక్ట్ లాటు_ఐడీ, సమ్(టిక్కీలు) యాజ్ మిగిలినవి ఫ్రమ్ కదలికలు గ్రూప్ బై లాటు_ఐడీ),
కట్టినవి యాజ్ (సెలెక్ట్ లాటు_ఐడీ, సమ్(మొత్తం) యాజ్ కట్టింది ఫ్రమ్ చెల్లింపులు గ్రూప్ బై లాటు_ఐడీ)
సెలెక్ట్ లాట్లు.లాటు_ఐడీ, కోయలెస్(మిగిలినవి, 0), కోయలెస్(కట్టింది, 0)
ఫ్రమ్ లాట్లు
లెఫ్ట్ జాయిన్ నిల్వ ఆన్ నిల్వ.లాటు_ఐడీ = లాట్లు.లాటు_ఐడీ
లెఫ్ట్ జాయిన్ కట్టినవి ఆన్ కట్టినవి.లాటు_ఐడీ = లాట్లు.లాటు_ఐడీ;

లోపలి రెండు ముక్కల్లోనూ లాటుకి ఒక్క వరసే మిగులుతుంది, కాబట్టి కలిపినా గుణించుకోవు. కనిపించని లాట్లు ఇంకా పైసా కట్టనివి. మామూలు జాయిన్ రెండు వైపులా ఉన్నవాటినే చూపిస్తుంది, లెఫ్ట్ జాయిన్ ఎడమవైపు ఉన్నవన్నీ ఉంచుతుంది. బాకీ రిపోర్టులో పైసా కట్టనివాళ్లే మాయమైతే ఇక ఆ రిపోర్టు ఎందుకు? ఖాళీ వస్తే దాని బదులు సున్నా పెట్టే కోయలెస్ కూడా వదలొద్దు. అద్దెలోంచి ఖాళీని తీసేస్తే అద్దె రాదు, ఖాళీయే వస్తుంది. నల్ అంటే సున్నా కాదు, 'తెలియదు' అని. తెలియనిదాన్ని దేనికి కలిపినా తెలియనిదే.

ఇదే నల్ ఇంకోచోటా ముంచుతుంది. లోను లేని లాట్లు కావాలని 'నాట్ ఇన్' వాడితే, లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క లాటు కూడా రాదు. 'నాట్ ఎగ్జిస్ట్స్' వాడండి, లోన్ల టేబుల్లో లాటు_ఐడీని నాట్ నల్ చేయండి.

డబ్బు కాలమ్‌లకి ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే అంకెల రకం) పెట్టారేమో ఒకసారి చూసుకోండి. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. డబ్బుకి న్యూమరిక్ 12,2 (మొత్తం 12 అంకెలు, అందులో దశాంశం తర్వాత 2) పెట్టండి. కాటా బరువు కిలోల్లో న్యూమరిక్ 9,2 పెట్టుకుని, క్వింటాళ్లు కావాల్సినచోట వందతో భాగించుకోండి. ఒకే కాలమ్‌లో కొన్ని కిలోలు, కొన్ని క్వింటాళ్లు పడితే తర్వాత ఎవరూ విడదీయలేరు.

---

ఆటోనగర్_సర్వర్

విజయవాడ నుంచి. రెండు కౌంటర్ల మాట ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించింది అదే.

లాటులో 40 ఉన్నాయి. ఒకటో కౌంటరు 30 ఇవ్వాలని నిల్వ చూస్తుంది: 40, సరిపోతాయి. అదే క్షణంలో రెండో కౌంటరు 25 ఇవ్వాలని చూస్తుంది: 40, సరిపోతాయి. ఇద్దరూ తమ మైనస్ వరసలు రాస్తారు. పుస్తకంలో −15, గేటు దగ్గర గొడవ. ట్రాన్సాక్షన్ పెట్టాం కదా అంటే సరిపోదు. ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లను ఎంతగా విడిగా ఉంచాలో చెప్పే స్థాయిలుంటాయి; పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఉండే రీడ్ కమిటెడ్ స్థాయి దీన్ని ఆపదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే వరసని దిద్దడం లేదు, ఎవరి వరస వాళ్లు కొత్తగా చేరుస్తున్నారు. చెక్ నియమం కూడా పట్టుకోలేదు, అది రాస్తున్న ఆ ఒక్క వరసనే చూస్తుంది.

చేయాల్సింది ఇదీ: ట్రాన్సాక్షన్ మొదలుపెట్టగానే లాట్ల టేబుల్లో ఆ లాటు వరసని 'సెలెక్ట్ … ఫర్ అప్‌డేట్'తో పట్టుకోవాలి (లాక్ చేయాలి). రెండో కౌంటరు అక్కడ ఆగుతుంది. తర్వాత విడిగా ఇంకో క్వెరీతో కదలికలు కూడాలి, సమ్ ఉన్న క్వెరీ మీదే ఫర్ అప్‌డేట్ పెట్టనివ్వదు పోస్ట్‌గ్రెస్. సరిపోతే మైనస్ వరస రాసి కమిట్ (ట్రాన్సాక్షన్‌ని ఖాయం చేసి ముగించడం). అప్పుడు రెండో కౌంటరు కదిలి, 10 మాత్రమే ఉన్నాయని చూస్తుంది. లోను నడుస్తోందా లేదా అన్న తనిఖీ కూడా ఈ పట్టు లోపలే జరగాలి, లోను రాసేవాళ్లూ ఇదే లాటు వరసని ముందు పట్టుకోవాలి.

మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇన్నోడీబీ ఇంజన్‌లో డిఫాల్ట్ స్థాయి రిపీటబుల్ రీడ్. అందులో ఫర్ అప్‌డేట్ కన్నా ముందు మామూలు సెలెక్ట్ ఒక్కటి కొట్టినా ఆ క్షణం నాటి నిల్వే చివరిదాకా కనిపిస్తుంది. పట్టు దొరికినా చూసేది పాత అంకె. అందుకే ఫర్ అప్‌డేట్ మొట్టమొదటి కమాండు అయి ఉండాలి.

ఒకే గేటుపాసులో నాలుగు లాట్లుంటే లాటు_ఐడీ చిన్నదాని నుంచి పెద్దదానికి అదే వరసలో పట్టుకోండి. ఒకరు 214 తర్వాత 300, ఇంకొకరు 300 తర్వాత 214 పట్టుకుంటే ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. డేటాబేస్ అది గమనించి ఒకరిని రద్దు చేస్తుంది. డేటా పాడవదు, కానీ కౌంటరులో ఎర్రర్ వస్తుంది, రైతు నిలబడి ఉంటాడు.

సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ పెట్టుకోండి. ఒక కంప్యూటర్లో సర్వరు, మిగతా రెండూ నెట్‌వర్క్ ద్వారా దానికి కలుస్తాయి. సర్వరు మిషన్‌కి యూపీఎస్ తప్పనిసరి. డేటా అంతా ఒకే ఫైలులో పెట్టే ఎస్‌క్యూలైట్ మంచిదే, కానీ దాని ఫైలుని షేర్డ్ ఫోల్డర్లో పెట్టి మూడు మిషన్ల నుంచి రాయడం దాని పని కాదు, నెట్‌వర్క్ డ్రైవుల్లో లాకింగ్ నమ్మకంగా ఉండదు, ఫైలు చెడిపోవచ్చు. ఒక మిషన్ మీద నేర్చుకోవడానికి వాడుకోవచ్చు. అప్పుడు కూడా ఫారిన్ కీ తనిఖీ డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లో ప్రాగ్మా ఫారిన్_కీస్ ఆన్ చేయాలి. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీని కాపాడుతుంది గానీ దాని మీద ఇండెక్స్ (వెతకడం వేగంగా జరిగే సూచిక) తనంతట కట్టదు, కదలికల్లో లాటు_ఐడీ మీద మీరే ఒకటి కట్టుకోండి. మీ సైజుకి ఇంకే ఇండెక్స్ గురించీ ఇప్పుడే ఆలోచించక్కర్లేదు.

రోజూ రాత్రి పీజీ_డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటా నకలు తీసే కమాండు). ఆ ఫైలు ఆ బిల్డింగ్‌లోనే ఉంటే బ్యాకప్ కింద లెక్క కాదు. నెలకొకసారి వేరే మిషన్ మీద తిరిగి ఎక్కించి, కదలికల వరసల సంఖ్య సరిపోయిందో చూడాలి.

---

అరండల్‌పేట_యూనికోడ్

పాత షీటుని ఎక్కించే పని మిగిలింది. సగం కష్టం ఇక్కడే ఉంటుంది, తొందరపడకండి.

ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 (కామాలతో విడగొట్టిన, తెలుగు అక్షరాలను కాపాడే టెక్స్ట్ ఫైలు) అన్నదే ఎంచుకోవాలి, మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. అంతకు ముందే ఎక్సెల్ చేసిన నష్టం వెతకండి: '3-12' అని కొట్టిన లాటు గుర్తు తేదీ అయిపోయి ఉంటుంది, '007' ఏడు అయి ఉంటుంది, 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబర్లలో చివరి అంకెలు సున్నాలై ఉంటాయి. ఆ చివరిది తిరిగి రాదు, పాసుపుస్తకం చూసి రాయాల్సిందే.

నేరుగా అసలు టేబుళ్లలోకి ఎక్కించకండి. షీటు ఎలా ఉందో అలాగే అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా, ఏ నియమమూ లేని ఒక తాత్కాలిక టేబుల్లోకి తెచ్చుకోండి. తేదీ కానివి, అంకె కానివి, ఖాళీలు అక్కడ క్వెరీలతో బయటికి లాగి సరిచేశాక అసలు టేబుళ్లలోకి పంపండి. ఊళ్లు, రకాలు, పార్టీలు ముందు. ఆ తర్వాత బాండ్లు, లాట్లు. చివర కదలికలు. ఈ వరస తప్పితే ఫారిన్ కీ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది.

పేర్ల దగ్గర రెండు రకాల తేడాలుంటాయి. కంటికి కనిపించేవి మీకు తెలుసు: వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వి. వెంకటేశ్వర్లు. ఇవి ఒకరా ముగ్గురా అన్నది కంప్యూటర్ తేల్చదు. తండ్రి పేరు, ఊరు, ఫోను పక్కన పెట్టుకుని మనిషే తేల్చాలి. అనుమానం ఉంటే కలపకండి. విడిగా ఉన్న ఇద్దరిని తర్వాత కలపడం తేలిక, పొరపాటున కలిపేసిన ఇద్దరి బాండ్లను విడదీయడం నరకం.

కంటికి కనిపించనివి ఇంకా చెడ్డవి. 'రాజ్‌కుమార్'లో జ్ తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలవనివ్వని గుర్తు) ఉంటుంది. పేరు చివర ఖాళీ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఐత్వం గుర్తు ఒకే అక్షరంగానూ రావచ్చు, రెండు ముక్కలు కలిపీ రావచ్చు, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. డేటాబేస్‌కి ఇవన్నీ వేరు పేర్లే. అందుకని పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో (ఇది పైన చెప్పిన నార్మలైజేషన్ కాదు) ఎన్ఎఫ్‌సీ అనే, ముక్కలను ఒకే అక్షరంగా కలిపిన రూపంలోకి తెచ్చి, ట్రిమ్ చేసి, పోల్చడానికి మాత్రం ఆ నాన్ జాయినర్‌ని తీసేసిన ఇంకో కాలమ్ పెట్టుకోండి. చూపించే పేరులో దాన్ని తీయకండి, తీస్తే జకారానికి కవత్తు పడి పేరు చదవడానికి వేరేగా తయారవుతుంది.

టేబుళ్ల పేర్లు పైన తెలుగులో చూశారు కదా, అసలు సిస్టమ్‌లో అలా పెట్టాలనిపిస్తే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది గానీ పేరుకి 63 బైట్లే ఇస్తుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి 3 బైట్లు, అంటే 21తో సరి, మిగతాది కత్తిరిస్తుంది. పేర్లు ఇంగ్లీషులో, లోపలి డేటా తెలుగులో పెట్టుకోవడం సుఖం.

ఎక్కించాక సీజన్ వారీగా, రకం వారీగా టిక్కీల మొత్తం పాత షీటుతో పోల్చండి. మీ షీటులో 'మిగిలినవి' చేత్తో దిద్దినవి కాబట్టి కొన్ని లాట్లలో తేడా తప్పకుండా వస్తుంది. ఆ తేడాని పాత అంకెకి సరిపోయేలా ఏదో ఒక డెలివరీ వరసలో సర్దేయకండి. ఆ లాటు ఛాంబర్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టించి, పుస్తకానికీ లెక్కకీ మధ్య ఉన్న తేడాని ఆ రోజు తేదీతో 'సర్దుబాటు' రకం కదలికగా, ఎవరు లెక్కపెట్టారో రాసి, విడి వరసగా వేయండి.